రెండు నీళ్ళ గడ్డ

మహదేవపుర, బెంగళూరు
18 నవంబర్ 2024, సోమవారం

అక్కయమ్మ చిన్నమ్మకు,

దండాలు. నువ్వు కదిరిలో బస్సుకు వేసిన గోతం మడివాళలో దిగింది. దిగింది అనడం మర్యాదకు. డ్రైవరు దాన్ని కాలితో రోడ్డు మీదికి నెట్టాడు. "ఏమప్పా, రాళ్ళేమన్నా ఉండాయా ఇందులో?" అన్నాడు. గెణసుగడ్డలు, అదే చిలగడదుంపలు, చేమగడ్డలు అన్నాను. "ఇంత పెద్ద ఊళ్ళో దొరకవా?" అన్నాడు. జవాబు చెప్పేలోపు వెనక బస్సు హారన్ కొట్టింది కనుక ఇక్కడ చెబుతున్నాను. దొరుకుతాయి. మా ఇంటి ఎదురు మాల్‌లో ఒక్కొక్క గెణసుగడ్డకు విడిగా ప్లాస్టిక్ తొడుగు వేసి, దాని మీద ‘మన పూర్వీకుల ఆహారం’ అని ఇంగ్లీషులో అచ్చేసి పెట్టారు. ఎవరి పూర్వీకులు? బువ్వ లేక మీరు గడ్డలు తింటుంటే ఆ పూర్వీకులు అరుగు మీద కూర్చుని మీ తిండికి పేర్లు పెట్టారు. ఈ సంగతి మాల్ మేనేజరుతో నలభై నిమిషాలు మాట్లాడాను. అతను నాకొక డిస్కౌంట్ కూపన్ ఇచ్చాడు. ఈమధ్య నా కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి, దసరా నుంచి వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో మిషన్ నా రక్తం శుభ్రం చేస్తోంది, గడ్డల్లో పొటాషియం ఎక్కువ కనుక గడ్డకూర ఏదీ ముట్టవద్దన్నారు. కూపన్ మేనేజరు బల్ల మీదే పెట్టి వచ్చాను. అతనికి అది పోరాటంలా కనిపించలేదు, మరచిపోయానని వెనక పరిగెత్తుకొచ్చి మళ్ళీ ఇచ్చాడు.

కనుక ఇక పంపవద్దు. గోతం మా అపార్ట్‌మెంట్ ఊడ్చే ఆడవాళ్ళకిచ్చాను. సెల్లార్‌లో, జనరేటర్ పక్కన ఉడకబెట్టుకున్నారు. వాసన లిఫ్టులోకి వస్తోందని అసోసియేషన్ నోటీసు పెట్టింది. నోటీసు కింద ఖాళీ ఉంటే నా అభిప్రాయం రాశాను.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని నీ కోడలు కాత్యాయని అంటోంది. తొంభై ఒకటిలో రాత్రిబడిలో నీకు అక్షరాలు నేర్పినప్పుడు మనం పెట్టుకున్న షరతు తనకు తెలియదు. ఫోన్లో మాట్లాడితే నువ్వు రాయడం మరచిపోతావు.

నీ కొడుకు
సుంకన్న

కదిరి దగ్గర, మన ఊరు
25 నవంబర్

సుంకన్నకు చిన్నమ్మ చెప్పుకునేది.

ఇక్కడ చలి ఉండాది. గొర్రె ఈనింది. రెండు పిల్లలు.

నీ ఉత్తరం మూడు దినాలు చదివినా. గడ్డలు వద్దంటివి. మొదట సక్కెర వద్దంటివి, చెరుకు నరికేటోళ్ళకు సరిగ్గా కూలి ఇచ్చేదాకా. అది పదకొండేండ్లు. ఆమీన టీ వద్దంటివి. నీ పెండ్లినాడు వండేటోళ్ళు తిన్నాకనే మనం తినల్ల అంటివి. సాయంత్రం నాలుగుకు తింటిమి. మీ మామ చిక్కమునియప్పకు కండ్లు తిరిగి పడిపాయె. ఇప్పుడు గడ్డలు. ఇది ఏ కూలోళ్ళ కోసరమో రాయలేదు. నాటింది నేనే, తవ్వింది నేనే. నాకు నేను కూలి ఇచ్చుకోలేదు. అదేనా నీ కోపం?

పొటాషు ఎక్కువుండాదని రాస్తివి. నీకెవురు చెప్పిరి? నేను ఏసింది గొర్రెల ఎరువు. నా చేన్లో పొటాషు గింజ పడలేదు. కావాలంటే వచ్చి మట్టి చూసిపో.

మిషన్లు మనిషి రగతం తీస్తాయని నువ్వు ముప్పై ఏండ్ల నుంచి చెప్తానే ఉండావు. కొత్త సంగతి మాదిరి రాయాల్నా?

నాకు అర్థమయింది రాస్తా. మాల్‌లో ప్లాస్టిక్ గడ్డ చూసినావు, మట్టి గడ్డకు నామోషీ అయ్యింది. ఊడ్చేటోళ్ళకు ఇస్తివి. మంచిదే, వాళ్ళన్నా తినిరి. నేనొకటి చెప్తా. నా చేతి గడ్డ నువ్వు తినేదాకా నేను గడ్డ ముట్టను. ఒట్టు పెట్టుకుంటి. ఈ చలి మూడు నెలలు నా ఇంట్లో కుండలోకి పోయేది గడ్డే అని నీకు తెలుసు.

అక్కయమ్మ

మహదేవపుర
2 డిసెంబర్ 2024

చిన్నమ్మా,

ఇది వ్యాసం కాదు. దయచేసి ఉత్తరంలా చదువు.

నా కిడ్నీలు పోయింది నిజం. బీపీ ఉందని పదేళ్ళ క్రితమే చెప్పారు. మాత్రల కంపెనీలు జనాన్ని ఎలా పిండుతున్నాయో పదమూడు పేజీలు రాశాను. వ్యాసానికి మంచి పేరు వచ్చింది. మాత్రలు వేసుకోలేదు. ఆ వ్యాసంలో ఒక్క అక్షరం తప్పు లేదని ఇప్పటికీ వాదిస్తాను. కిడ్నీలు ఆ వ్యాసం చదవలేదు.

మంగళ, గురు, శనివారాలు నాలుగేసి గంటలు మంచం మీద ఉంటాను. ఎడమ చేతికి రెండు సూదులు. ఒక గొట్టంలో రక్తం బయటికి పోతుంది, ఇంకో గొట్టంలో వెనక్కి వస్తుంది. ఇది ఫ్యాక్టరీ మిషన్ కాదు, ఇది తీసుకున్నది తిరిగి ఇస్తుంది. ఇలాంటి మిషన్‌ను నేను మొదటిసారి చూస్తున్నాను, దీన్ని ఎలా తిట్టాలో ఇంకా తెలియలేదు.

పొటాషియం, నీ పొటాషు ఒకే ఇంటివి. నువ్వు వేయకపోయినా మట్టిలో ఉంటుంది, గడ్డ పీల్చి దాచుకుంటుంది. మంచిగా ఉన్న మనిషి తిన్నదాన్ని ఒంటేలుకు పంపేస్తాడు. నాకు ఒంటేలు రాదు. అది రక్తంలోనే ఉండిపోయి గుండెను ఆపుతుంది. నొప్పి కూడా ఉండదట, ఊరికే ఆగుతుందట. ఇందులో నామోషీ ఎక్కడుంది?

నేను ఏం తినాలో ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. సగం ఇంగ్లీషు, సగం కన్నడం. మా వార్డులో పన్నెండు మంచాలు. అయిదు తెలుగు, రెండు తమిళం, ఒకటి ఉర్దూ. యాపిల్ తినండి, పియర్ తినండి అని ఉంది. పియర్ అంటే ఏమిటని అడిగితే పన్నెండింటిలో రెండు మంచాలకు తెలిసింది. కాగితం మీద నల్ల కళ్ళజోడు పెట్టుకున్న క్యారెట్ బొమ్మ, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు. చచ్చే రోగులకు క్యారెట్ చేత నవ్వించాలని ఎవరికి తోచింది? మొదటి పేజీకే నాకు సరిపోయింది. మూడు పేజీల ఫిర్యాదు రాసి నర్సు స్టెల్లాకిచ్చాను. ఒంగోలు పిల్ల, కోపం రాదు. "చాలా బాగా రాశారు సార్, ఫైల్లో పెడతాను" అంది. పెట్టింది.

నీ ఒట్టు గురించి. నేను ఏడు నిరాహార దీక్షలు చేశాను. అవతలి కుర్చీలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. ఇది బెదిరింపు. ఒట్టు తీసి గట్టున పెట్టు, గడ్డ తిను.

సుంకన్న

మన ఊరు
9 డిసెంబర్

సుంకన్నకు,

ఒంట్లో బాగలేదని నీ మొదటి ఉత్తరంలో మాల్ మేనేజరుకూ కూపన్‌కూ నడుమ ఇరికించి రాస్తివి. ముందర తిట్లు, వెనక తిట్లు. నేను అదీ తిట్టే అనుకుంటి. మనిషికి రోగమొస్తే మొదటి లైన్లో రాస్తారు. నాకు అక్షరాలు నేర్పిచ్చినోడివి నీకు తెలీదా?

ఇప్పుడు నమ్మినా. నిదర పట్టలేదు. అయితే ఒకటి ఆలోచన చేసినా. పొటాషు మట్టిలోనుంచి గడ్డలోకి వస్తాదంటివి. నిప్పు దేన్నన్నా కాలుస్తాది. ఉడకబెడితే లోపలే ఉంటాది గానీ, కుంపట్లో బూడిదలో పెట్టి కాలిస్తే ఏముంటాది? అన్నీ పోతాయి. పన్నెండు గెణసుగడ్డలు కాల్చి, తొక్క మాడేదాకా కాల్చి, టిపన్ క్యారియర్‌లో పెట్టి బస్సుకు ఏసినా. మాడిన తొక్క తీసి తిను. ఒకటే తిను. తిన్నానని రాయి.

నేను ఇంకా ముట్టలేదు. సంగటీ మెరపకాయ కారెం తింటాండా. కడుపులో మంట. నీకు చెప్పేదానికి రాయలేదు, ఊరికే రాసినా.

అక్కయమ్మ

ఆసుపత్రి, మంచం నంబరు 7
19 డిసెంబర్ 2024, గురువారం

చిన్నమ్మా,

మొదటి లైన్లో రాస్తున్నాను. చావలేదు.

క్యారియర్ ఆదివారం మధ్యాహ్నం చేరింది. మూత తీశాను. బాల్కనీలో కాత్యాయని నిమ్మచెట్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒకటి తిందామనే కూర్చున్నాను. నిప్పుకు పోదని నాకు తెలుసు, చిన్నమ్మా. మండేదేదైనా పొగై పోవాలి, ఇది బూడిదలో కూడా మిగులుతుంది, నువ్వు బూడిదను చేలో చల్లేది అందుకే. ఇదంతా మనసులో నీకు వివరిస్తూనే తిన్నాను. తొక్క లోపల అంటుకున్న ఆ బంక ఉంటుందే, తేనె రంగుది, దాన్ని గోరుతో గీకి తిన్నాను.

సోమవారం పొద్దున కాళ్ళు లేవలేదు. కాళ్ళు ఉన్నాయి, లేవలేదు. కాత్యాయనికి విషయం అర్థమైంది. ఆఫీసులో తన పని ఇతరులు చేసిన తప్పులు వెతకడం.

"ఎన్ని తిన్నావు?" అంది.

"ఒకటి."

"చెత్తబుట్టలో మూడు తొక్కలున్నాయి."

ఆటో పిలిచింది. ఆసుపత్రిలో రక్తం చూశారు. అయిదున్నర దాటకూడని పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది. గుండె గీతలు కాగితం మీద కొండల్లా వస్తున్నాయని ఒక కుర్ర డాక్టరు ఇంకో కుర్ర డాక్టరును పిలిచి చూపించాడు. వెంటనే మిషన్ పెట్టారు. శని నుంచి మంగళ వరకూ మధ్యలో మిషన్ లేని రోజులు రెండు. మా వార్డులో చనిపోయేవాళ్ళు ఎక్కువగా ఆ రోజుల్లోనే పోతారని స్టెల్లా మామూలుగా, సూది తీస్తూ చెప్పింది.

తప్పు నీది కాదు. నువ్వు ఒకటే తినమన్నావు. యాభై మూడేళ్ళ వయసులో, పొటాషియం మీద నీకు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, నేను మూడు తిన్నాను. కాత్యాయని మిగిలిన తొమ్మిదీ పారేయలేదు. నా ఎదురుగా కూర్చుని రెండు తింది. బాగున్నాయంది.

నేను తిన్నాను కనుక నీ ఒట్టు తీరిపోయింది. ఇక గడ్డ తిను.

సుంకన్న

మన ఊరు
24 డిసెంబర్

సుంకన్నకు,

ఫోన్ చేద్దామని పక్కింటికి పోయినా. చేతిలోకి తీసుకుని మళ్ళా ఇచ్చేసినా. ఫోన్లో ఏడిస్తే నీకు వినపడతాది. ఉత్తరంలో వినపడదు.

ఒట్టు తీరలేదు. నువ్వు తిన్నది తిన్నట్ల కాదు. తిని బాగుంటే తిన్నట్ల.

అరవై అయిదు కరువు సంగతి నీకు చెప్పలేదు. అది నీ పుస్తకాల్లో ఉండాదిలే అనుకుంటి. నాకు తొమ్మిదేండ్లు. చేన్లో ఏమీ లేదు. మాయమ్మ కొండ మీదికి పోయి చేదుగడ్డ తవ్వుకొచ్చేది. అది విషం. పంది కూడా తినదు. మాయమ్మ పొట్టు చెక్కి, ఆకు మాదిరి పల్చగా కోసి, పెద్ద కుండ నిండా నీళ్ళు పోసి ఉడకబెట్టేది. ఆ నీళ్ళు దూరంగా, మేకలు తాగని చోట పారబోసేది. మళ్ళా కొత్త నీళ్ళు పోసి ఉడకబెట్టేది. మళ్ళా పారబోసేది. అప్పుడు ఉప్పు ఏసి పెట్టేది. రెండు నీళ్ళు పోతే విషం పోతాది అనేది. మేము ఏడుగురం అది తినే బతికినాం.

మీ మామ చిక్కమునియప్ప ఆగలేక మొదటి నీళ్ళకే రెండు ముక్కలు తినేసినాడు. మూడు దినాలు కక్కినాడు. చస్తాడని గుంత తవ్వేదానికి చెప్పి పెడితిమి. ఇప్పుడు మీ బెంగళూరు చిక్కపేటలో చీరల అంగట్లో గద్దె మీద కూర్చోని ఉండాడు, లేయాలంటే ఇద్దరు పట్టల్ల.

ఇది ఎందుకు రాస్తాండానంటే, నీది కూడా గడ్డలో ఉండే విషమే కదా. నిప్పుకు పోలేదు. నీళ్ళకు పోతాదేమో. ఆ ఒంగోలు అమ్మాయిని అడుగు. నన్ను తిట్టేదానికి ముందు అడుగు.

అక్కయమ్మ

మహదేవపుర
30 డిసెంబర్ 2024, సోమవారం

చిన్నమ్మా,

నువ్వు అడగమన్నావు. నేను ముందు తిట్టాను, తరవాత అడిగాను.

నీ ఉత్తరం చదివి నాలుగు పేజీల జవాబు రాశాను. అది పంపడం లేదు. సారాంశం ఏమిటంటే, ఆకలితో చచ్చేవాళ్ళు విషం వడకట్టుకు తిన్న సంగతిని అమ్మమ్మల తెలివితేటలని మెచ్చుకునేవాళ్ళతో నాకు పేచీ. అది తెలివి అని పొగిడితే, ఆ తెలివి అవసరం అయ్యేలా చేసినవాళ్ళు తప్పించుకుంటారు. ఆ ఏడాది గోదాముల్లో ధాన్యం ఎవరి దగ్గర ఉంది? కొండ మీద ఎవరున్నారు? ఇది నిజం. దీన్ని నేను ఎక్కడైనా వాదిస్తాను.

శనివారం వార్డులో స్టెల్లా దగ్గర వాదించాను. మా చిన్నమ్మ ఇలా రాసింది, గడ్డ కోసి రెండు నీళ్ళలో ఉడికిస్తే పొటాషియం పోతుందట, ఇలాంటి నాటువైద్యాలు జనంలో ఎలా పాతుకుపోయాయో చూడమ్మా, అన్నాను. సూది గుచ్చుతూ వింది.

"సార్, మీ ఫైలు రెండో పేజీ చూశారా?"

"ఏం ఫైలు?"

"డైట్ కాగితం సార్. మొదటి పేజీ తిప్పితే రెండోది."

తెచ్చింది. నా మూడు పేజీల ఫిర్యాదు ఆ కాగితానికి పిన్ను కొట్టి ఉంది. కచ్చితంగా రెండో పేజీ మీద. పిన్ను తీసింది. కింద ఇంగ్లీషులో, కన్నడంలో ఉంది: గడ్డకూరలు తినాలనిపిస్తే తొక్క తీసి, పల్చగా కోసి, నీళ్ళలో నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించి, పారబోయాలి. ఆ తరవాత కొంచెం తినవచ్చు, అదీ డాక్టరును అడిగి.

"అక్టోబర్ నుంచి ఉంది సార్" అంది.

"ఇంతకాలం చెప్పలేదేం?"

"చెప్పాను సార్. మీరు అప్పుడు క్యారెట్ గురించి మాట్లాడుతున్నారు."

పక్క మంచం పెద్దాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కదులుతోంది.

డాక్టరును అడిగాను. వారానికి ఒక్కసారి, అరకప్పు, అదీ మిషన్ అయిన మర్నాడు, అన్నాడు. ఆదివారం చేశాను. నేనే చేశాను, కాత్యాయనిని వంటగదిలోకి రానీయలేదు. తను గుమ్మంలో నిలబడింది. నీ గోతంలోంచి ఊడ్చే ఆడవాళ్ళు రెండు చేమగడ్డలు మా గుమ్మం దగ్గర పెట్టి పోయారు, మీ ఊరివి మీరూ తినండి సార్ అని. నవంబర్ నుంచి బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. చేతికి నూనె రాసుకుని తొక్క తీశాను, అయినా దురద పెట్టింది. రూపాయి బిళ్ళంత మందాన కోశాను. కాత్యాయని చూసి, "ఆకు మాదిరి అని రాసింది ఆమె" అంది. మళ్ళీ కోశాను. రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోశాను. ఉడికించాను, సింకులో పారబోశాను. మళ్ళీ ఉడికించాను, మళ్ళీ పారబోశాను. ఆవాలు, ఎండుమిర్చి, నిమ్మరసం రెండు చుక్కలు. నిమ్మకాయ బజారుది, బాల్కనీ చెట్టు ఆరేళ్ళుగా ఆకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఉప్పు వేలి కొసన అంటినంత.

పన్నెండున్నరకు తిన్నాను. అరకప్పు. ఎక్కువ కాదు. కాత్యాయని లెక్కపెట్టింది. రుచి సంగతి రాయను, నీ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. తడిసిన పోస్టు కార్డు నమిలితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పోస్టు కార్డు తడిపి చూడు. మొత్తం తిన్నాను. గిన్నె కూడా తుడిచాను.

ఈ రోజు సోమవారం. కాళ్ళు లేస్తున్నాయి. పొద్దున మెట్లెక్కి చూశాను, మూడో అంతస్తు దాకా.

కరువు మీద నా నాలుగు పేజీలు చింపలేదు. వాదన సరైనదే. కానీ అందులో మీ అమ్మ ఎక్కడా లేదని రెండోసారి చదివినప్పుడు కనిపించింది. గోదాములున్నాయి, ప్రభుత్వం ఉంది, ధాన్యం ఉంది. కుండ ముందు కూర్చున్న మనిషి లేదు. ఆ మనిషి లేకపోతే ఈ ఆదివారం నేను ఏం తిని ఉండేవాణ్ణో తెలియదు. మళ్ళీ రాస్తాను.

తిన్నాను. బాగున్నాను. నువ్వు పెట్టిన రెండు షరతులూ తీరాయి. ఇప్పుడు తిను.

సుంకన్న

మన ఊరు
6 జనవరి 2025

సుంకన్నకు,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. చదివి, కుండ పొయ్యి మీద పెడితి.

నేనూ రెండు నీళ్ళకే వండితి. నువ్వు ఏం తింటాండావో నాకు తెలియల్ల కదా. ఉప్పు కూడా నీ మాదిరే వేలికి అంటినంత ఏసినా. నోట్లో పెట్టుకుంటి. ఏమప్పా ఇది. బొగ్గు కన్నా అధ్వానం. మింగినాక నీళ్ళు తాగితి.

తొమ్మిదేండ్ల వయసులో ఇదే తింటి. ఇంత రుచి లోకంలో లేదనుకుంటి. కుండ అడుగు గీకి నాకేదాన్ని, మాయమ్మ చెయ్యి మీద కొట్టేది. అరవై ఏండ్లుగా ఆ రుచి గురించి నేను అందరికీ చెప్తాండా. గడ్డకు రుచి ఉండలేదప్పా. అది ఆకలి రుచి. నీ నాలుగు పేజీల్లో ఇది రాసినావో లేదో చూడు. లేకపోతే రాయి. మాయమ్మ పేరు సుంకులమ్మ. అది కూడా రాయి.

ఇంక నా గడ్డలు నేను మామూలుగా వండుకుంటా. పై ఏడు నీకు గోతం పంపను. వారానికి అరకప్పు అంటివి కాబట్టి, నెలకు రెండు చేమగడ్డలు కవర్లో పెట్టి పోస్టులో పంపుతా. ఉత్తరంతోబాటే. స్టెల్లా అమ్మాయికి ఒక ముద్ద గోంగూర పచ్చడి పంపినా, ఆమెకు ఇయ్యి. నువ్వు ముట్టొద్దు, దాంట్లో ఉప్పుండాది.

అంతా బాగా చేసినావు గానీ ఒకటి తప్పు చేసినావు. ఆ నీళ్ళు సింకులో యాల పోస్తివి? మాయమ్మ దూరంగా పోసిందంటే అది అందరికీ విషం కాబట్టి. నీ నీళ్ళలో ఉండేది నీ ఒక్కనికే విషం. చెట్టుకు అది బువ్వ. పొటాషు అని నువ్వే రాస్తివి.

చల్లార్చి నిమ్మచెట్టుకు పోసెయ్యి. కాయ కాస్తే, మడివాళలో బస్సుకు ఎయ్యి.

అక్కయమ్మ